జ్యేష్ఠమాసపు బుట్ట

2023 జూలై నెలలో ఢిల్లీ బజారులలో టమాటా ధర కిలోకు రెండు వందల రూపాయలు దాటింది. సహకార సంస్థల ద్వారా ప్రభుత్వమే టమాటాలను కొని, తక్కువ ధరకు వీధులలో విక్రయించవలసి వచ్చింది. అదే సంవత్సరం సెప్టెంబరు నాటికి ధర పడిపోయింది. కోత కూలి కూడా గిట్టదని తెలిసిన రైతులు పంటను రోడ్ల పక్కన పారబోశారు. జూలైలో అదృష్టం కలిసివచ్చిన రైతులు కొందరు లేకపోలేదు. కాని రెండు నెలల వ్యవధిలో ఒకే కాయ మూలంగా తినేవారూ విలపించారు, పండించేవారూ విలపించారు. ఇందులో వీరి తప్పు గాని, వారి తప్పు గాని లేదు. ఒకరి ముఖం ఒకరు ఎరుగరు. వారి మధ్య ఉన్నది ధర ఒక్కటే.

ఢిల్లీ నగరపు కూరగాయల వ్యాపారానికి ఆయువుపట్టు ఆజాద్‌పూర్ మండీ. 1977 నుండి నడుస్తున్న ఈ మండీకి దేశం నలుమూలల నుండి రాత్రింబవళ్ళు లారీలు వస్తూనే ఉంటాయి. ఒకచోట వేసవి ఐతే మరొకచోట చల్లదనం. ఒకచోట పంట పోతే మరొకచోట పండుతుంది. ఈ కారణంగా నగరవాసికి ఏడాది పొడవునా కాలీఫ్లవరు, బఠాణీ, క్యారెట్ దొరుకుతున్నాయి. ఇది చిన్న సౌకర్యం కాదు. ఐతే ఈ సౌకర్యం వెంట ఒక మరపు కూడా వచ్చింది. ఏ కాయ ఏ ఋతువులో కాస్తుందో తెలియని తరం నగరాలలో పెరిగింది.

ఈ మరపుకు విరుగుడుగా, ధర ఒక్కటే బంధంగా మిగిలిన చోట మరొక బంధాన్ని నెలకొల్పే ప్రయత్నంగా, రాజధాని చుట్టుపక్కల ఒక పద్ధతి మెల్లగా వ్యాపిస్తున్నది. ఫరీదాబాదు, గురుగ్రామ్ పరిసరాలలోను, రాజస్థాన్ భాగాన ఉన్న తిజారా వంటి చోట్లను కొన్ని సేంద్రియ క్షేత్రాలు నగరంలోని కుటుంబాలను కొనుగోలుదారులుగా కాక భాగస్వాములుగా చేర్చుకొన్నాయి. దీనిని భాగస్వామ్య సేద్యమని చెప్పుకోవచ్చును.

బుట్ట వెనుక లెక్క

పద్ధతి సులభమైనది. పంటకాలం ఆరంభంలోనే కుటుంబాలు తమ వంతు సొమ్ము ముందుగా చెల్లిస్తాయి. ఆ సొమ్ముతో రైతు విత్తనం, పశువుల ఎరువు, వేపపిండి సమకూర్చుకొని కూలీలకు వేతనం ఇస్తాడు. పంట చేతికి వచ్చిన నాటి నుండి వారానికొకసారి ప్రతి కుటుంబానికి ఒక బుట్ట చేరుతుంది. అందులో ఏముండాలో కుటుంబం నిర్ణయించదు. ఆ వారం పొలం ఏమిచ్చినదో అదే ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకొందాం. ఒక క్షేత్రానికి ఒక పంటకాలంలో అయ్యే ఖర్చు, రైతు జీవనభృతితో కలిపి, పది లక్షల రూపాయలనుకొందాం. నూరు కుటుంబాలు దానిని పంచుకొంటే ఒక్కొక్క కుటుంబానికి పది వేలు వస్తుంది. ఇక్కడ గమనింపవలసిన విషయమొకటి ఉన్నది. ఆ పది వేలు ఇన్ని కిలోల కూరగాయలకు ఇచ్చిన వెల కాదు. పొలం ఒక ఋతువుపాటు నడవడానికి ఇచ్చిన వంతు. పంట బాగా పండితే బుట్ట పొంగిపొరలుతుంది. వడగళ్ళు పడితే బుట్ట చిక్కిపోతుంది. ఆ రెండింటిలోను రైతు ఒంటరివాడు కాడు.

తెలుగు పల్లెలకు ఈ ఆలోచన పూర్తిగా కొత్తది కాదు. వడ్రంగి, కమ్మరి మొదలైన వృత్తులవారికి సంవత్సరమంతా చేసిన పనికి కళ్ళంలో ధాన్యపు మేర కొలిచేవారు. నాగలి బాగుచేసిన ప్రతిసారీ వెల కట్టేవారు కారు. ఆ ఏర్పాటులో పుట్టుకను బట్టి వచ్చిన హెచ్చుతగ్గులు, నిర్బంధాలు ఎన్నో ఉండేవి. అది తిరిగి రావలసినది కాదు. ఐతే వస్తువుకు వెల కట్టడం వేరు, సంవత్సరానికి సంబంధం కలుపుకోవడం వేరన్న వివేకం అందులో ఉన్నది. భాగస్వామ్య సేద్యం ఆ వివేకాన్ని స్వీకరించి, నిర్బంధం స్థానంలో ఇష్టాన్ని నిలిపింది.

పుష్య మాఘాల సమృద్ధి

ఢిల్లీ వాతావరణం తీవ్రమైనది. జనవరిలో కొన్ని తెల్లవారుజాముల ఉష్ణోగ్రత మూడు నాలుగు డిగ్రీలకు దిగుతుంది. మే, జూన్ మాసాలలో పగటి వేడి నలభై ఐదు డిగ్రీలు దాటే రోజులుంటాయి. అందువలన అక్కడి పొలానికి రెండు ముఖాలున్నవి.

మొదటిది శీతకాలపు ముఖం. వర్షాలు వెనుకబట్టిన తరువాత విత్తిన నారు మార్గశిరం నాటికి చేతికి వస్తుంది. అప్పటి బుట్ట కన్నులపండువగా ఉంటుంది. పాలకూర, మెంతికూర, ఆవకూర, తెల్ల ముల్లంగి, పచ్చి బఠాణీ, కాలీఫ్లవరు, ఉత్తరాది ప్రత్యేకమైన ఎర్ర క్యారెట్ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. తెలుగు ఇండ్లలో రథసప్తమినాడు చిక్కుడాకులపై పరమాన్నం నివేదించే ఆచారం కలదు. ఆ రోజులలోనే ఢిల్లీ పొలాలలో కూడా చిక్కుడు పందిళ్ళు విరగకాస్తాయి. ఋతువు ఒక్కటే, ఆచారాన్ని ఏర్పరచిన పెద్దలు ఋతువును చూసే ఏర్పరచారు.

ఆ బుట్టలో బథువా అనే ఆకుకూర కట్ట కూడా ఉంటుంది. ఇది మన చక్రవర్తికూర. దీనిని ఎవరూ పనిగట్టుకొని విత్తనవసరం లేదు. గోధుమ చేలలో తనంతట తానే మొలుస్తుంది. కలుపుమందు చల్లే చేలలో ఇది కలుపు. మందు లేని చేలో ఇదే కూర. ఒకే మొక్కను ఒక రైతు ఖర్చుపెట్టి చంపుతున్నాడు, మరొక రైతు కోసి కట్ట కడుతున్నాడు. రెండు వ్యవసాయ విధానాల మధ్య ఉన్న దూరాన్ని తెలిపే నిదర్శనం ఇంతకన్న అక్కరలేదు.

తాజాదనం వలన కలిగే మేలు కూడా మాటవరుసకు చెప్పుకొనేది కాదు. బఠాణీ కాయ తీగ నుండి తెగిన క్షణం నుండి అందులోని చక్కెర పిండిగా మారడం ఆరంభిస్తుంది. పాలకూరను నిలువ ఉంచినకొద్దీ విటమిన్ సి తరిగిపోతుంది. ఉదయం కోసినది సాయంకాలానికి ఇంటికి చేరడంలోని అంతరం నాలుకకు తెలుస్తుంది, శరీరానికీ తెలుస్తుంది.

ఢిల్లీ కూరగాయల కథలో విజ్ఞానశాస్త్రం పాత్ర కూడా ఉన్నది. 1934 నాటి బీహారు భూకంపంలో దెబ్బతిన్న భారత వ్యవసాయ పరిశోధన సంస్థ పూసా గ్రామం నుండి 1936లో ఢిల్లీకి తరలివచ్చింది. గ్రామం బీహారులో ఉండిపోయినా పేరు మాత్రం వెంట వచ్చింది. ఆంధ్ర రైతులకు చిరపరిచితమైన పూసా జ్వాల మిరప, పూసా సావని బెండ, పూసా రూబీ టమాటా ఆ సంస్థ ప్రసాదించినవే. ఇటువంటి రకాల విత్తనాన్ని రైతు తన పంట నుండే తీసి మరుసటి సంవత్సరం వాడుకోవచ్చును. ఏటేటా విత్తనం కొనవలసిన సంకర రకాలకు ఆ సౌలభ్యం లేదు. సేంద్రియ రైతుకు ఈ భేదం ముఖ్యమైనది.

అసలైన పరీక్ష

శీతకాలంలో భాగస్వాములు దొరకడం కష్టం కాదు. పొంగిపొరలే బుట్టను కాదనేవారెవరు? పరీక్ష జ్యేష్ఠమాసంలో వస్తుంది.

చైత్రం గడిచేసరికి పాలకూర పూతకు వచ్చి ముదిరిపోతుంది. కొత్తిమీర గింజ కడుతుంది. కాలీఫ్లవరు పువ్వు కట్టదు. పగటి వేడి నలభై డిగ్రీలు దాటిన రోజులలో టమాటా పూత నిలువక రాలిపోతుంది. 'లూ' అని పిలిచే వడగాలి వీచినప్పుడు లేత నారు మాడిపోతుంది. ఆ సమయంలో పొలం ఇవ్వగలిగినది సొర, బీర, నేతిబీర, కాకర, గుమ్మడి, బెండ, తోటకూర, టిండా అనే చిన్న గుండ్రని కాయ, కకడీ అనే పొడుగు దోస. ఇందులో అధికభాగం తీగకాయలే. నీరు నిండిన ఈ కాయలు వేసవిలో కాయడం ప్రకృతి చూపిన ఔచిత్యం. ఐనా మూడవ వారం బుట్ట విప్పేసరికి ఇంటింటా ఒకే ప్రశ్న వినవస్తుంది: "మళ్ళీ సొరకాయేనా?"

ఆ ప్రశ్న వెనుకనే ఎందరో భాగస్వాములు తొలగిపోతారు. పాఠశాలలకు సెలవులు రావడం, కుటుంబాలు స్వస్థలాలకు ప్రయాణం కావడం కూడా ఇందుకు తోడవుతుంది. వారి దృష్టిలో ఇది చిన్న విషయం. రెండు నెలలు బజారులో కొని, చలి మొదలైనాక తిరిగి చేరవచ్చునని భావిస్తారు. పొలం దృష్టిలో ఇది ప్రాణసంకటం. జూన్ నెలలో బుట్ట చిక్కిపోయినా ఖర్చు చిక్కిపోదు. కూలీలకు వేతనమివ్వాలి, పశువులకు మేత కావాలి, బోరుబావి నడవాలి. వర్షాలకు ముందే జనుము, జీలుగ విత్తి, పూతకు వచ్చిన తరువాత నేలలో కలియదున్నితేగాని భూమికి సత్తువ రాదు. శ్రావణ భాద్రపదాలలో శీతకాలపు విత్తనం కొనాలి. అనగా జనవరి బుట్టకు పునాది జూన్‌లోనే పడుతున్నది. సొరకాయను చూసి వెళ్ళిపోయిన కుటుంబం తనకు తెలియకుండానే ఆ శీతకాలపు బఠాణీని కూడా కాదని వెళ్ళిపోతున్నది.

ఈ విషయంలో తెలుగు ఇల్లాండ్రకు ఒక అనుకూలత కలదు. ఉత్తరాదివారు మొగము చిట్లించే సొరకాయను తెలుగు వంటిల్లు పులుసుగా, పాలు పోసిన కూరగా, పచ్చడిగా, దప్పళంలో ముక్కగా మార్చగలదు. బీరకాయ కూరకు పోగా మిగిలిన పొట్టును సైతం పచ్చడి చేసిన ప్రజలు వీరు. ఆషాఢంలో మునగాకు, తొలకరికి గోంగూర, వేసవిలో మామిడి, సంక్రాంతికి కొత్త చిక్కుడు అని ఋతువుకొక రుచిని కేటాయించిన సంప్రదాయం వీరిది. లేనిదాని కోసం వగచడం కన్న ఉన్నదానిని పలువిధాల వండడమే ఆ సంప్రదాయంలోని నేర్పు. ఢిల్లీలో స్థిరపడిన తెలుగువారు దక్షిణాది కూరగాయల కోసం ఐ.ఎన్.ఏ. మార్కెట్‌కు వెళ్ళడం పరిపాటి. జ్యేష్ఠమాసపు బుట్టను విప్పి చూస్తే, తమ అమ్మమ్మ వంటిల్లు అందులోనే ఉన్నదని గ్రహించగలరు.

జపాను గృహిణుల సూత్రం

భాగస్వామ్య సేద్యానికి ఆద్యులుగా జపాను దేశీయులను పేర్కొంటారు. పారిశ్రామిక కాలుష్యం, పురుగుమందుల అవశేషాలు ప్రజలను కలవరపెట్టిన కాలంలో, 1971లో అక్కడ సేంద్రియ వ్యవసాయ సంఘం స్థాపితమైంది. నగరాలలోని గృహిణులు రైతులతో నేరుగా ఒప్పందాలు చేసుకొన్నారు. ఈ ఏర్పాటుకు 'తెయికెయి' అని పేరు. చేయి చేయి కలపడమని దాని భావం. 1978లో ఆ సంఘం తెయికెయికి పది సూత్రాలను ప్రకటించింది. అందులో ఒకటి ఇది: రైతు పంపిన పంటనంతటినీ భాగస్వాములు స్వీకరించాలి. మరొకటి: ధరను ఇరుపక్షాలు పరస్పరం పట్టువిడుపులతో నిర్ణయించుకోవాలి.

మొదటి సూత్రం వినడానికి కఠినంగా తోస్తుంది. ఆలోచిస్తే అందులోనే పద్ధతి సారమంతా ఇమిడి ఉన్నది. ఏరుకొనే హక్కు ఉన్నంతకాలం అది బజారే. ఏరుకొనే హక్కును వదులుకొన్ననాడు అది సంబంధం. ఐరోపాలో రూపుదిద్దుకొన్న ఇటువంటి ఆలోచనలు అమెరికాకు చేరి, 1986లో మాసచూసెట్స్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాలలో రెండు క్షేత్రాలు ఈ మార్గాన నడిచాయి. తదుపరి అనేక దేశాలకు ఈ పద్ధతి వ్యాపించింది. దేశం మారినా భూమి ఇచ్చినదే బుట్టకు చేరుతుందన్న నియమం మారలేదు.

నమ్మకానికి ఆధారమేమిటి?

సేంద్రియమన్న మాటకు నగరంలో మంచి గిరాకీ ఉన్నది. గిరాకీ ఉన్నచోట సొరకాయ కోతలకు లోటుండదు. మరి ఏది నిజమని తెలుసుకొనడమెట్లా?

ఎగుమతులను, పెద్ద వ్యాపారాన్ని దృష్టిలో ఉంచుకొని 2001లో సేంద్రియ ఉత్పత్తికి జాతీయ కార్యక్రమం ఏర్పడింది. బయటి సంస్థలు తనిఖీ చేసి ధ్రువపత్రం ఇవ్వడం ఆ పద్ధతి. చిన్న రైతుకు ఆ ఖర్చు మోయరానిది. అందుచేత రైతులే ఒకరి పొలాన్ని ఒకరు పరిశీలించి హామీపడే పద్ధతిని కేంద్ర వ్యవసాయ శాఖ ప్రవేశపెట్టింది. కనీసం ఐదుగురు రైతులు ఒక బృందంగా ఏర్పడాలి. ఈ పనిని పర్యవేక్షించే జాతీయ కేంద్రం రాజధాని ప్రాంతంలోని ఘజియాబాదులోనే ఉన్నది. 2017 నాటి ఆహార భద్రతా నిబంధనలు, తన పంటను నేరుగా వినియోగదారునికి అమ్ముకొనే చిన్న రైతును ధ్రువీకరణ నిర్బంధం నుండి మినహాయించాయి.

తెలుగునాట ఏనబావి గ్రామం ఇందుకు మంచి ఉదాహరణ. నాటి వరంగల్లు, నేటి జనగామ జిల్లాలోని ఈ చిన్న ఊరు 2006 నాటికి తన పొలాలన్నింటిలో రసాయనాలను మానివేసినట్లు ప్రకటించుకొన్నది. ఊరంతా ఒక్క మాటపై నిలిచినప్పుడు ఒకరికొకరు సాక్షులవుతారు. నగర భాగస్వామి కూడా అటువంటి సాక్షియే. నెలకొకసారి పొలానికి వెళ్ళి, ఎరువుల గుంటను చూసి, కూలీలతో మాట్లాడిన కుటుంబం కన్న నమ్మదగిన తనిఖీదారుడు లేడు.

ఐతే చూడవలసినవి తెలిసి చూడాలి. మందు చల్లకపోవడం ఒక్కటే చాలదు, నీరెక్కడిదో అడగాలి. యమునా నది ఢిల్లీలో వజీరాబాదు నుండి ఓఖ్లా వరకు ప్రవహించే దూరం సుమారు 22 కిలోమీటర్లు. నది మొత్తం పొడవులో ఇది రెండు శాతం కూడా లేదు. నది మాలిన్యంలో సింహభాగం ఇక్కడే చేరుతున్నది. 2015 జనవరిలో జాతీయ హరిత న్యాయస్థానం, నది శుభ్రపడేవరకు ఆ వరద మైదానంలో ఆహార పంటలు పండించరాదని ఆదేశించింది. దానివలన తరతరాలుగా ఆ ఇసుక నేలలను నమ్ముకొన్న పేద కౌలుదారుల జీవనం చిక్కున పడింది. 2023 జూలై 13న యమున 208.66 మీటర్ల మట్టానికి చేరి 1978 నాటి 207.49 మీటర్ల రికార్డును అధిగమించినప్పుడు ఆ మైదానంలోని చేలన్నీ నీట మునిగాయి. నగరం వదలిన మురికికి, నది తెచ్చిన వరదకు మొదట తలవంచినవాడు నగరానికి కూర పెట్టే రైతే.

తీరని చిక్కులు

భాగస్వామ్య సేద్యం సర్వరోగ నివారిణి కాదు. దాని వెల సామాన్య కుటుంబానికి భారమే. ముందుగా సొమ్ము చెల్లించగల స్తోమత అందరికీ ఉండదు. ఇంతకన్న పెద్ద చిక్కు భూమిది. రాజధాని చుట్టూ భూముల ధరలు ఆకాశాన్నంటుతున్నవి. సొంత పొలం లేక కౌలుకు తీసుకొన్న రైతు, రసాయనాలకు అలవాటుపడిన నేలను మార్చడానికి మూడేళ్ళు శ్రమించవలసి ఉంటుంది. నేల గుల్లబారి వానపాములు తిరిగివచ్చిన నాటికి కౌలు గడువు తీరిపోవచ్చును. నేలకు పెట్టిన సత్తువను మూటకట్టుకొని మరొక పొలానికి పోవడం ఎవరికీ సాధ్యం కాదు.

కాబట్టి చేరదలచిన కుటుంబం, రైతును అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నవి. నీరు ఎక్కడి నుండి వస్తున్నది? కౌలు గడువు ఎంతకాలం? పంట పోయిన వారం ఏమి చేస్తారు? అన్నింటికన్న ముఖ్యమైన ప్రశ్న: జూన్ నెలలో బుట్టలో ఏమి వస్తుంది? ఏడాది పొడవునా అన్నీ ఇస్తామని బదులు వస్తే, ఆ బుట్ట పొలం నుండి కాక మండీ నుండి నిండుతున్నదని అనుమానించవలసి ఉంటుంది. "సొర, బీర, తోటకూర, ఒక్కొక్క వారం అవీ తక్కువే" అన్న రైతు నిజం చెబుతున్నాడు. ఆ మాటకు తలయూపి, జూన్ నెల సొమ్మును కూడా ముందుగానే చెల్లించిన కుటుంబం ఆ పొలంలో భాగస్వామి అయినట్లు.